టోకెన్ కాదు, రసీదు

ఫిలింనగర్‌లోని ఆ ఆఫీసులోకి అడుగుపెట్టగానే ఎడమవైపు నీలిరంగు ప్లాస్టిక్ కుర్చీలు కనిపిస్తాయి. కుడివైపు మెత్తటి తోలు సోఫా ఉంటుంది. కుర్చీలు సాయం కోసం వచ్చేవాళ్ళకు. సోఫా విరాళం ఇచ్చేవాళ్ళకు. ఆ సంగతి చెప్పే బోర్డు ఎక్కడా లేదు. అవసరం కూడా లేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ సెక్యూరిటీ మనిషి మీ కాళ్ళకున్న చెప్పులు చూసి మీరెటు కూర్చోవాలో తేల్చేస్తాడు.

అతణ్ణి తప్పుపట్టే ముందు మనం కాస్త ఆగాలి. పెళ్ళిళ్ళలో, బ్యాంకుల్లో, ఆస్పత్రుల్లో మనం చేసే పని కూడా అదే. అతను జీతం తీసుకుని చేస్తున్నాడు, మనం ఊరికే చేస్తున్నాం. అంతే తేడా.

ఆ సంస్థ పేరు వెన్నుదన్ను ఫౌండేషన్. షూటింగుల్లో ప్రమాదాలకు గురైన ఫైటర్లకు, లైట్‌మ్యాన్లకు, సెట్ పనివాళ్ళకు కృత్రిమ కాళ్ళు, చేతులు ఉచితంగా అమర్చే సంస్థ. మంచి సంస్థే. మంచివాళ్ళ చేతిలో తప్పు ఎలా జరుగుతుందో చెప్పడానికే ఈ కథ.

గురువారం ఉదయం ఎర్ర నూలుచీర కట్టుకున్న ఒకావిడ గుమ్మంలోకి వచ్చింది. సెక్యూరిటీ మనిషి కళ్ళు కిందికి దిగాయి. అరిగిపోయిన రబ్బరు చెప్పులు.

"ఎర్రచీరమ్మా! టోకెన్ తీస్కొని అటు కూసో. నంబర్ పిలుస్తరు."

ఆమె టోకెన్ తీసుకుని అటు నడిచింది. ఎర్రచీర అన్న పిలుపు ఆమెకు కొత్త కాదు. ఆమె పేరు నీలమ్మ. ఉండేది బోరబండ. చేసే పని సినిమాల్లో జనం. హీరో పెళ్ళికి అక్షింతలు వేసింది. విలన్ ఇంటి ముందు పిడికిలెత్తి నినాదాలిచ్చింది. సంతల్లో కూరగాయలు బేరమాడింది, శవయాత్రల్లో గుండెలు బాదుకుంది. మీరు ఆమెను తప్పకుండా చూసే ఉంటారు, పేరు మాత్రం వినలేదు. సెట్లో వాళ్ళూ వినలేదు. అసిస్టెంట్ డైరెక్టర్ మైకు పట్టుకుని "ఎర్రచీర, రెండడుగులు వెనక్కి! పచ్చచీర, నవ్వొద్దు!" అంటాడు. ఏ రోజు ఏ రంగు చీర కడితే ఆ రోజుకు అదే పేరు.

నీలమ్మ నంబరు పిలిచేసరికి మధ్యాహ్నమైంది. సాయం కౌంటర్లో ఉండాల్సిన మనిషి సెలవు పెట్టడంతో దాతల వివరాలు చూసే హిమజ ఆ రోజు అక్కడ కూర్చుంది. హిమజది జనగామ వైపు. చురుకైన పిల్ల.

"చెప్పమ్మా, ఎవరికి దెబ్బ తగిలింది?"

"ఎవలికీ తగల్లే బిడ్డా."

"మరి ఏం సాయం కావాలె?"

"సాయం గాదు. నాకు రసీదు గావాలె."

"దేనికి రసీదు?"

"నేనిచ్చిన దానికి."

హిమజ తలెత్తింది. ఆ కౌంటర్లో ఆ మాట అన్న మొదటి మనిషి నీలమ్మే.

సినిమా షూటింగు పూర్తయిన రోజున గుమ్మడికాయ కొట్టడం పరిశ్రమలో ఆచారం. కర్పూరం వెలిగించి, దిష్టి తీసి, కాయ పగలగొట్టి, యూనిట్ అంతా ఒకరికొకరు చేతులు కలుపుకుంటారు. ఆ రోజు వెన్నుదన్ను వాళ్ళ పెట్టె కూడా అక్కడికి వస్తుంది. ఎవరికి తోచింది వాళ్ళు అందులో వేసి, చీటీ మీద పేరు, ఫోన్ నంబరు రాసిస్తారు. నీలమ్మ ప్రతి గుమ్మడికాయ రోజునా తన రోజుకూలీ మొత్తం అందులో వేస్తోంది.

హిమజ కంప్యూటర్లో నీలమ్మ పేరు కొట్టింది. లేదు. ఇంకోసారి కొట్టింది. లేదు.

"ఫోన్ నంబర్ ఏం రాసినవమ్మా?"

నీలమ్మ చెప్పిన నంబరు కొట్టగానే తెర మీద బంగారురంగు నక్షత్రం మెరిసింది. హిమజ ముఖం వెలిగిపోయింది.

"ఇది ఓంప్రకాష్ గారి నంబర్ కదా! ఈ సంవత్సరం మా మహాదాత. ఆదివారం జూబ్లీహిల్స్‌లో సన్మానం. మీకు తెలుసా ఆయన?"

నీలమ్మ పకపకా నవ్వింది. "మా ఏజెంటు ఓంప్రకాషా? తను తాగిన చాయ్ పైసలు నన్ను కట్టుమనేటోడు మహాదాత అయిండా? ఎన్నడు బిడ్డా?"

"మరి ఆయన నంబరు మీరెందుకు రాశారు?"

"మా నంబరు సినిమా కంపెనీలకిస్తే ఏజెంటు పిలుసుడు బంద్ జేస్తడు. గందుకే ఎవలడిగినా ఆయన నంబరే జెప్తం. బ్యాంకోళ్ళు అడిగినా నోట్లకెళ్ళి గదే వస్తది." నవ్వు తగ్గింది. "మరి నా పేరేది?"

హిమజ మళ్ళీ తెర వైపు తిరిగి పేరు వెతికింది.

నీలమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుంది. ఆమె భర్త సాయిలు లైట్‌మ్యాన్. సెట్లో ఎత్తు మీద లైటు బిగిస్తూ కిందపడ్డాడు. మోకాలి కింద కాలు తీసేశారు. ఈ సంస్థే అతనికి కాలు ఇచ్చింది. ఒక్క రోజు కూడా తొడుక్కోలేదు.

"ధర్మపు కాలు మీద నడవను అంటడు బిడ్డా. దాన్ని దుప్పట్ల సుట్టి మంచం కింద వెట్టిండు. గడప దాటడు. 'తీస్కున్నది తిరిగి ఇస్తనే ఉన్నం గదా, నేను పెట్టెల ఏస్తున్న గదా' అంటే నమ్మడు. 'మన పేరున్న కాగితం సూపెట్టు, అప్పుడు తొడుగుత' అన్నడు. గా ఒక్క కాగితం ఇయ్యి. ఇంకేమొద్దు."

* * *

ఆ సాయంత్రం హిమజ ఓంప్రకాష్ రికార్డు మొత్తం తెరిచి చూసింది. విరాళాలన్నీ ఉన్నాయి, ఒకటి తర్వాత ఒకటి, వందలుగా. అన్నీ చిన్నచిన్న మొత్తాలే. ఒకే గుమ్మడికాయ రోజున, ఒకే పేరుతో, పదుల కొద్దీ విరాళాలు. ఒక్క మనిషి ఒకే పెట్టె ముందు అన్నిసార్లు ఎందుకు నిలబడతాడు?

ఆమె మేనేజర్ సుహాస్ గదిలోకి వెళ్ళింది. కాకినాడ కుర్రాడు, పెద్ద చదువులు చదివినవాడు, మర్యాదస్తుడు.

"అవి డూప్లికేట్లండీ," అన్నాడు సుహాస్ తేలిగ్గా నవ్వుతూ. "కిందటేడాది నేనే క్లీన్ చేశాను. ఒకే ఫోన్ నంబరు మీద బోలెడు పేర్లు. ఇవన్నీ ఒకే మనిషివా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. అవునని నొక్కి, ఫోన్‌లో ఆ నంబరుకు వచ్చిన ఓంప్రకాష్ పేరు ఉంచాను. అప్పట్నుంచి ఆ నంబరుతో వచ్చేవన్నీ అందులోనే చేరుతున్నాయి."

"వాళ్ళు ఒకే మనిషి కాదు సార్. వాళ్ళు మనుషులు."

సుహాస్ నవ్వు ఆగిపోయింది. హిమజ చెప్పిందంతా విన్నాడు. 

"పాత పేర్లు వెనక్కి వస్తాయా సార్?"

"రావండీ. విరాళాలు ఉంటాయి, తేదీలుంటాయి. ఇచ్చినవాళ్ళే ఉండరు. చీటీలు కూడా ఎక్కించాక పారేశాం." గ్లాసుడు నీళ్ళు తాగాడు. "చూడండి హిమజగారూ, ఆదివారం నిర్మాతలు వస్తున్నారు, టీవీ వాళ్ళు వస్తున్నారు. కార్డుల మీద ఓంప్రకాష్ పేరు అచ్చయిపోయింది. మా దాతలెవరో మాకే తెలీదని ఇప్పుడు చెబితే రేపు మనకెవరిస్తారు? సోమవారం నెమ్మదిగా సరిచేద్దాం."

"సోమవారానికి శాలువా ఓంప్రకాష్ ఇంట్లో ఉంటది. తిరిగి ఇవ్వమని ఎవరడుగుతారు?"

"ఆదివారం దాకా ఆ రికార్డు ముట్టుకోకండి. ఇది సలహా కాదు."

సంస్థ పెట్టిన పెద్దాయన వీరరాఘవయ్యకు చెబుదామంటే ఆయన ఊళ్ళో లేరు. ఆదివారం సాయంత్రం తిన్నగా సభకే వస్తారు. ఆ పేర్లన్నీ తెలిసిన మనిషి ఒక్కడే, ఓంప్రకాష్. ఆ పేర్లు బయటపెడితే నష్టపోయేది కూడా అతనే.

* * *

శుక్రవారం పొద్దున్నే హిమజ నీలమ్మను వెంటబెట్టుకుని కృష్ణానగర్ వెళ్ళింది. షూటింగులకు జనాన్ని తీసుకెళ్ళే బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. చాయ్ బండి పక్కన ఓంప్రకాష్ నిలబడి ఎవరెవరు ఏ బస్సెక్కాలో చెబుతున్నాడు. నుదుట పెద్ద బొట్టు, వేళ్ళకు ఉంగరాలు.

"రా నీలమ్మక్కా! ఆదివారం సభకు రావాలె. నా సన్మానం. బట్టలు కూడా కుట్టిచ్చిన."

"ఎందుకు జేస్తున్నరు తమ్మీ నీకు సన్మానం?" అంది నీలమ్మ అమాయకంగా.

ఓంప్రకాష్ తడబడ్డాడు. హిమజ తనెవరో చెప్పి అసలు సంగతి వివరించింది. అతను చాయ్ గ్లాసు బండి మీద పెట్టాడు.

"జర నేను జెప్పేది కూడా ఇనున్రి మేడమ్. ఏడాది సంది నా ఫోనుకు థాంక్యూ మెసేజీలు. మీ దయాగుణం గొప్పదని, మీరు దేవుడని. ఇయ్యకుండనే పుణ్యం వస్తున్నదేమో అనుకున్న. మొన్న కార్డు అచ్చుగొట్టిచ్చి పంపిండ్రు. మా అత్తగారింటోళ్ళంత భువనగిరికెళ్ళి వస్తున్నరు. ఇప్పుడొచ్చి తప్పయింది, పేర్లు జెప్పు అంటే ఎట్ల?"

"మీరు చెప్తేనే వాళ్ళ పేర్లు దొరుకుతాయి."

"వీళ్ళకు పని ఇప్పిచ్చింది ఎవరు? నేను! నా నంబరు, నా జనం. ఇంకేంది?" గొంతు పెరిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఇటు తిరిగారు.

నీలమ్మ కోప్పడలేదు. నెమ్మదిగా అడిగింది.

"తమ్మీ, నువ్వు మొట్టమొదలు జనంల నిలబడ్డ దినం యాదికున్నదా? నేను నీ పక్కనే ఉన్న."

ఓంప్రకాష్ చాయ్ గ్లాసు మళ్ళీ అందుకున్నాడు.

"మైకుల నిన్నేమని పిల్చిండ్రు?"

అతను తల పక్కకు తిప్పుకున్నాడు.

"గళ్ళలుంగీ అన్నరు. 'గళ్ళలుంగీ, నీ మొఖం అడ్డమొస్తున్నది, కూసో' అన్నరు. ఆ దినమంత నువ్వు బువ్వ తినలే. 'నాకో పేరు లేదా అక్కా' అని ఏడ్సినవ్. గిప్పుడు నా పేరు మీద నువ్వు కూసున్నవ్. నాకూ గట్లనే ఉన్నది."

బస్సు డ్రైవరు హారన్ కొట్టాడు. ఓంప్రకాష్ గబగబా వెళ్ళి బస్సెక్కాడు. ఆ రోజంతా హిమజ ఫోన్ ఎత్తలేదు. శనివారం కూడా ఎత్తలేదు.

* * *

ఆదివారం సాయంత్రం. జూబ్లీహిల్స్‌లో విశాలమైన హాలు. పొడుగాటి కార్లు బారులు తీరాయి. వేదిక వెనక పెద్ద తెర మీద ఓంప్రకాష్ ఫోటో నవ్వుతోంది. ముందు వరసలో అతని భార్య, భువనగిరి బంధువులు. వేదిక మీద అతని కుర్చీ మాత్రం ఖాళీ.

వీరరాఘవయ్య వచ్చి కూర్చున్నారు. నలభై ఏళ్ళు మేకప్‌మ్యాన్‌గా పనిచేసిన మనిషి. తెల్లటి పంచె, సన్నటి చేతికర్ర. హిమజ ఆయన వైపు అడుగు వేసింది. సుహాస్ అడ్డు వచ్చాడు.

"ప్లీజ్ హిమజగారూ. ఇక్కడొద్దు."

సరిగ్గా అప్పుడే ఆమె ఫోన్ మోగింది. ఓంప్రకాష్!

"మేడమ్, ఆ హాల్ల కుర్చీలు ఎన్నుంటయ్?"

"ఎందుకు?"

"సరిపోతయో లేవో అని."

బయట కీచుమన్న బ్రేకుల చప్పుడు. హిమజ పరిగెత్తింది. గేటు ముందు షూటింగు బస్సులు ఆగి ఉన్నాయి. అందులోంచి జనం దిగుతున్నారు. ఆడవాళ్ళు, మగవాళ్ళు, నెరిసిన జుట్లు, నూలుచీరలు, రబ్బరు చెప్పులు. అందరి ముందూ కొత్త జుబ్బాలో ఓంప్రకాష్. పక్కన నీలమ్మ.

గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు చేతులు అడ్డం పెట్టారు. "షూటింగ్ ఇక్కడ కాదు. బస్సులు తీయండి."

"షూటింగ్ గాదు తమ్మీ," అన్నాడు ఓంప్రకాష్. "దాతలు వచ్చిండ్రు. గేటు దియ్."

వాళ్ళు తియ్యలేదు. కార్లలోంచి దిగుతున్నవాళ్ళు వింతగా చూస్తున్నారు. హిమజ లోపలికి పరిగెత్తి నేరుగా వేదిక ఎక్కింది. సుహాస్ పిలిచినా ఆగలేదు. వీరరాఘవయ్య చెవి దగ్గర వంగి నాలుగు ముక్కల్లో విషయం చెప్పింది. ఆయన సగం వింటూనే చేతికర్ర అందుకున్నారు. మెట్లు దిగి, ముందు వరస దాటి, నిర్మాతలు నమస్కారాలు పెడుతున్నా ఆగకుండా గేటు దాకా నడిచారు. తానే గడియ తీశారు.

"రండమ్మా. ఆలస్యమైంది. తప్పు మాదే," అన్నారు.

హాలు నిండిపోయింది. కుర్చీలు చాలలేదు. ఎవరూ చెప్పకుండానే ముందు వరసలో ఒక నిర్మాత లేచి తన కుర్చీ ఒక ముసలావిడకు ఇచ్చాడు. ఆయన్ను చూసి ఇంకొకరు లేచారు.

ఓంప్రకాష్ మైకు తీసుకున్నాడు. రోజూ అరిచే మనిషి ఆ రోజు గొంతు తగ్గించి మాట్లాడాడు.

"నాకు శాలువా తెచ్చిండ్రు. మంచిగున్నది. గని శాలువా ఒక్కటే, భుజాలు శానా ఉన్నయ్. నేను ఈ సంస్థకు ఒక్క రూపాయి కూడా ఇయ్యలే." బంధువుల్లో గుసగుసలు లేచాయి. అతని భార్య మాత్రం అతన్నే చూస్తోంది. "ఇచ్చింది వీళ్ళు. నా నంబరు రాసిండ్రు, నా భయంతోని రాసిండ్రు. సొంత నంబరు ఎవలికీ ఇయ్యొద్దని నేనే జెప్పిన. ఇయ్యాల అందరి ముంగట జెప్తున్న. ఒక్కొక్కరు లేసి పేరు జెప్పున్రి. సొంత నంబరు జెప్పున్రి. ఎవ్వల పనీ బంద్ గాదు. మా అమ్మ మీద ఒట్టు!"

వెనక నుంచి ఎవరో అన్నారు: "రాయిచ్చుకోన్రి, రేపు పొద్దుగాల మర్శిపోతడు!" హాలంతా నవ్వింది. అందరికంటే ముందు నవ్వింది ఓంప్రకాష్.

సుహాస్ వేదిక ఎక్కాడు. తన ల్యాప్‌టాప్ తెచ్చి పెద్ద తెరకు తగిలించాడు. ఓంప్రకాష్ ఫోటో మాయమై, వెన్నుదన్ను దాతల పట్టిక తెర మీద పరుచుకుంది. "ఈ పేర్లు తీసేసింది నేనే," అన్నాడు మైకులో. "నా చేత్తోనే మళ్ళీ రాస్తాను. చెప్పండి."

మొదట ఎవరూ లేవలేదు. జీవితమంతా 'కూర్చో, అడ్డు' అని విన్నవాళ్ళు అంత పెద్ద వెలుగులో లేచి నిలబడడం మాటలు కాదు. నీలమ్మ లేచింది.

"పేరు చెప్పండమ్మా."

"నీలమ్మ." ఆగింది. "ఒక్క నా పేరే రాయకు సారూ. సాయిలు, నీలమ్మ అని రాయి. కష్టం నాదే గని ఇల్లు ఇద్దరిది."

ఫోన్ నంబరు చెప్పేటప్పుడు అలవాటుగా ఓంప్రకాష్ నంబరే మొదలుపెట్టి, నాలుక కరుచుకుని, తనది చెప్పింది. తెర మీద కొత్త వరస మెరిసింది. సాయిలు, నీలమ్మ. బోరబండ. ఏ సినిమా టైటిళ్ళలోనూ పడని పేరు హాలంత తెర మీద వెలిగింది.

ఆ తర్వాత ఆగలేదు. భూలక్ష్మి. బుజ్జి. ఇంకో బుజ్జి. మనోజ. ఎవరు ఏ సినిమా గుమ్మడికాయ రోజున ఇచ్చారో ఒకరికొకరు గుర్తుచేసుకుంటూ, సరిదిద్దుకుంటూ, వాదించుకుంటూ చెప్పారు. ప్రతి పేరుకూ చప్పట్లు. నిజమైన చప్పట్లు. కట్ చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

చివరికి వీరరాఘవయ్య మైకు ముందుకు వచ్చారు.

"నలభై ఏళ్ళు ముఖాలకు రంగేశానండీ. హీరోగారి ముఖానికి గంటసేపు. జనం ముఖాలకు ఒకే పౌడరు, ఒకే పఫ్, చకచకా. ఒక్కరి పేరూ అడగలేదు. తర్వాత ఈ సంస్థ పెట్టాను. ఇక్కడా ఒకే పఫ్‌తో అందరినీ తుడిచేశాం. లెక్కలు పోలేదు, రూపాయి తేడా రాలేదు. పోయింది మనుషులు." ఆయన రెండు చేతులూ కర్ర మీద ఆన్చారు. "దాత పేరు ఎందుకు రాయాలి? వాళ్ళని పొగడడానికి కాదు, వాళ్ళు ఇంట్లో తల ఎత్తుకోవడానికి. ఇచ్చే చేతిని గుర్తుపట్టలేని సంస్థ తీసుకునే చేతిని గౌరవించలేదు. రేపటి నుంచి మా ఆఫీసులో సోఫా ఉండదు. అందరికీ ఒకటే కుర్చీ."

సభ అయ్యాక హిమజ రాసిచ్చిన రసీదును నీలమ్మ కొంగులో చుట్టుకుని బోరబండ చేరింది. సాయిలు గడప దగ్గరే కూర్చుని ఉన్నాడు. రసీదు అతని చేతిలో పెట్టింది. అతను వెలుతురు వైపు తిప్పి పట్టుకుని చదివాడు. మళ్ళీ చదివాడు.

"నా పేరు ముందల రాయిచ్చినవేందే?"

"రాయొద్దా?"

అతను గోడ పట్టుకుని మంచం దగ్గరకు జరిగాడు. దాని కింద చెయ్యి పెట్టి వెతకడం మొదలుపెట్టాడు.

కొన్ని వారాల తర్వాత ఒక ఉదయం ఫిలింనగర్ ఆఫీసు గుమ్మంలో కాస్త కుంటుతూ ఒక మనిషి నిలబడ్డాడు. ఒక కాలికి పాత చెప్పు, రెండో కాలికి కొత్త బూటు. సెక్యూరిటీ మనిషి అలవాటుగా టోకెన్ల డబ్బా అందుకోబోయి ఆగిపోయాడు. ఈసారి కళ్ళు పైకెత్తి ముఖం చూశాడు.

"నమస్తే. మీ పేరేందన్నా?"

"సాయిలు. టోకెన్ గాదు తమ్మీ, రసీదుకొచ్చిన." జేబులోంచి మడతపెట్టిన నోటు తీసి చూపించాడు. "నాలెక్క ఇంకెవలికన్న కాలు గావాలెనంట గదా."

లోపల హిమజ లేచి నిలబడింది. అతను ఎవరి సాయం లేకుండా, ఆ కాలు మీదే, కుర్చీల మధ్య నుంచి ఆమె దాకా నడిచి వచ్చాడు.

కాబట్టి చదువరులారా, ఇచ్చేవాళ్ళు ఎలా ఉంటారో తెలుసుకోవాలంటే చెప్పుల వైపు చూడకండి, పేరు అడగండి.